పది మిల్లీమీటర్ల ఖాళీ

డ్రాయింగులో అంకెకి గీత తగిలితే మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ స్టీలు స్కేలు అంచుతో వేళ్ల కణుపుల మీద కొట్టేవాడు. చెయ్యి బల్ల మీద బోర్లా పరచమనేవాడు, కొట్టేవాడు, మళ్లీ పెన్ను చేతికిచ్చేవాడు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. పాలిటెక్నిక్‌లో డిప్లొమా, ఫస్టు క్లాసు. అయినా చెయ్యి పరిచేవాణ్ణి.

"అంకెకి ఊపిరాడాల్రా," అనేవాడు. "గీత దాని పీక మీంచి ఎల్లిందనుకో, అది మూడో ఎనిమిదో ఎవుడికి తెలుత్తాది? కిందున్నోడు మూడనుకుని కోసీనాడంటే, ఆ ప్లేటు మీ బాబు అతికిత్తాడేటి?"

అందుకని అంకె వచ్చిన చోట గీతని ఆపి, అంకె దాటాక మళ్లీ మొదలుపెట్టాలి. అదీ మా ఆఫీసు పద్ధతి. పొరపాటున గీత ముందే గీసేసి ఉంటే, సగం విరిచిన షేవింగు బ్లేడుతో ఇంకుని గీకి తీసేయాలి. గీకినచోట ట్రేసింగు కాగితం మీద మచ్చ పడుతుంది. హెడ్డు ఆ కాగితాన్ని కిటికీకి అడ్డంగా పట్టుకుని, వెలుతుర్లో ఏ గీత ఎవరు తవ్వారో చెప్పేసేవాడు. సబ్బవరం దగ్గర పల్లెటూరి రైతు కుటుంబం ఆయనది. పాతికేళ్లుగా చేస్తున్న పని అదొక్కటే.

ఎనభైల చివర. ఉక్కు కర్మాగారం ఇంకా కడుతున్నారు. దానికి వెళ్లే రోడ్డుకి రెండు పక్కలా ఇనుము కోసి, వంచి, అతికించే షెడ్లు వరసగా ఉండేవి. మాది అందులో ఒకటి. కింద షెడ్డు, దాని కొసన మేడ మీద డ్రాయింగు ఆఫీసు. కింద ప్లేటు పడితే పైన మా ఇంకు సీసాలు అదిరేవి. పొద్దున ఎనిమిది నుంచి సుత్తులు, గ్రైండర్లు, క్రేను గంట, బూతులు. ఎవరికీ ఎవరి మీదా కోపం లేకపోయినా అందరూ అరుస్తూనే ఉండేవారు, లేకపోతే వినపడదు.

కంప్యూటరు వచ్చిన రోజు మేనేజరు గారు ఆఫీసులో ఒక మూల అద్దాల గది కట్టించి, ఏసీ పెట్టించి, చెప్పులు బయట విడవాలని బోర్డు రాయించారు. దాని మీద డ్రాయింగు గీయడం ఆరు వారాలు నేర్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. హెడ్డు గుమ్మం దగ్గర నిలబడి చూశాడు తప్ప లోపలికి రాలేదు.

నాకు దాంట్లో అన్నిటికన్నా నచ్చింది తెంచడం. కీబోర్డు మీద బ్రేక్ అని కొడితే, ఏ వస్తువు అని అడిగేది. మౌసుతో గీతని పట్టుకుంటే అది చుక్కల గీతగా మారేది, దొరికిపోయినట్టు. రెండు చోట్లు చూపిస్తే ఆ రెండింటి మధ్య ఉన్నది పోయేది. బ్లేడు లేదు, పొడి లేదు, మచ్చ లేదు. మనం మౌసు నొక్కిన చోట్ల చిన్న చిన్న కొక్కేల్లాంటి గుర్తులు మిగిలేవి. రీడ్రా అని కొడితే అవీ పోయేవి. నా కణుపుల మీద పడ్డ దెబ్బలన్నిటికీ ఆ గీతల మీద బదులు తీర్చుకున్నాను. అంకెకి తగిలిన ప్రతి గీతనీ తెగ్గొట్టాను. తెగిన గీత ఇక ఒక వస్తువు కాదు, రెండు. చూడ్డానికి పక్కపక్కనే ఉంటాయి కానీ ఒకదానికి ఒకటి ఏమీ కాదు. ఈ సంగతి నాకు పుస్తకంలో రాసుకున్నంత బాగా తెలుసు. దాన్నే మర్చిపోయాను.

కింద షెడ్డులో ప్లేట్లు కోసే యంత్రం ఒకటి ఉండేది. దానికో కన్ను. ఒక పక్క బల్ల మీద తెల్ల కాగితం పరిచి, కొయ్యాల్సిన ఆకారాన్ని అసలు సైజులో నల్లగా గీసి పెడితే, ఆ కన్ను గీత వెంబడే నడిచేది. కన్ను ఎటు నడిస్తే రెండో పక్కనున్న గ్యాసు మంట అటు నడిచి ఇనుప ప్లేటుని అదే ఆకారంలో కోసేది. దాని ఆపరేటరుది మల్కాపురం. నలభై దాటిన మనిషి. షెడ్డులో అందరూ ఆయన్ని మావ అనేవారు. కాగితాన్ని హెడ్డు చేత్తో గీసిన రోజుల్లో, ఆయన బొటనవేలు గీత మీద పెట్టి చుట్టూ తిప్పి చూసుకుని గానీ మంట ముట్టించేవాడు కాదు. కంప్యూటరు చెప్పినట్టు పెన్నుతో గీసే ప్లాటరు నుంచి కాగితాలు రావడం మొదలయ్యాక అది మానేశాడు.

"మిషను గీసింది మిషను సూసుకుంటాది," అన్నాడు నాతో ఒకసారి నవ్వుతూ. "నా ఏలు దేనికి మద్దెన?"

ఆ రోజు మధ్యాహ్నం స్తంభాలకి తగిలించే బ్రాకెట్టు ప్లేట్లు అర్జంటని మేనేజరు గారు నా కుర్చీ వెనక నిలబడ్డారు. ఆ బ్రాకెట్టు డ్రాయింగు నేను అంతకు ముందే చేసి ఉన్నాను. చిన్న షీటు మీద, అంకెలతో సహా. మూలలో గుండ్రంగా తిరిగే మలుపుకి ఒక అంకె తగులుతుంటే మలుపుని రెండు మిల్లీమీటర్లు తెంచాను. ఇప్పుడు అదే డ్రాయింగుని అయిదు రెట్లు పెంచి, అంకెలన్నీ కనపడకుండా చేసి, ప్లాటరుకి పంపాను. అంకెలు పోయాయి. వాటికోసం తెంచిన ఖాళీ పోలేదు. రెండు మిల్లీమీటర్లు పదయ్యాయి. అదీ గీత మలుపు తిరిగే చోటే.

చూడలేదని చెప్పను. షీటు చుట్టేటప్పుడు చూశాను. పెన్ను ఎండి వదిలేసిందనుకున్నాను. అలాంటివి అప్పుడప్పుడూ వచ్చేవి, కింద వాళ్లే స్కెచ్ పెన్నుతో కలుపుకునేవారు. చెప్దామని నోరు తెరిచేలోగా మేనేజరు గారు షీటు లాక్కుని మెట్లు దిగిపోయారు. నేను కుర్చీలోంచి లేవలేదు.

గంట తర్వాత లారీ టైరు పేలినట్టు చప్పుడైంది. కిటికీ దగ్గరికి పరిగెత్తాను.

ఏం జరిగిందో తర్వాత అక్కడున్నవాళ్లు చెప్పింది, నేను పైనుంచి చూసింది కలిపి రాస్తున్నాను. మావ అవతలి వైపు వంగి, అప్పటికే కోసిన ముక్కకి కరిగి అంటుకున్న ఇనప చిట్టెం సుత్తితో రాలగొడుతున్నాడు. కన్ను మలుపు దాకా వచ్చింది. అక్కడ గీత లేదు. తిరగకుండా తిన్నగా పోయింది. మంట కూడా తిన్నగా పోయి, ప్లేటుని అడ్డంగా చీల్చుకుంటూ అంచు దాటి, ఆక్సిజను వచ్చే రబ్బరు గొట్టం మీద నడిచింది. గొట్టం పేలి పామై లేచింది. ఎవడైనా వెనక్కి పారిపోతాడు. ఆయన సిలిండరు వాల్వు కట్టడానికి ముందుకి వెళ్లాడు. కట్టాడు కూడా. ఈలోగా మండుతున్న గొట్టం కొస వచ్చి కుడి చేతికి చుట్టుకుంది. పక్కవాళ్లు ఇసక చల్లి, గోనెసంచి కప్పి, గొట్టాన్ని లాగారు. గ్లౌజు ఊడదీస్తే దాంతోపాటే తోలు వచ్చింది. ఆయన అరవలేదు. జీపు ఎక్కించేదాకా ఎడమ చేత్తో తన సొంత తొడని గుద్దుకుంటూనే ఉన్నాడు.

కాలిన వాసన ఏసీ గదిలోకి కూడా వచ్చింది.

ఇరవై నిమిషాల్లో మేనేజరు గారు పైకొచ్చి టైపిస్టుని కూర్చోబెట్టుకుని రిపోర్టు చెప్పారు. ఆపరేటరు డ్యూటీలో మత్తులో ఉన్నాడు, యంత్రాన్ని వదిలి పక్కకి వెళ్లాడు, ప్రమాదానికి అతనే బాధ్యుడు. మావ సెలవు రోజున తాగేవాడు, అది అందరికీ తెలుసు. డ్యూటీలో ముట్టడు, అదీ అందరికీ తెలుసు. రిపోర్టు ఆ మాటతో వెళ్తే ఉద్యోగం ఆ రోజుతో పోతుంది. కాలిన చెయ్యి చూపించుకుంటూ ఇంకే షెడ్డులోనూ అడగలేడు.

నేను అద్దాల గదిలోకి వెళ్లి ఆ డ్రాయింగు తెరిచాను. మలుపు మీద మౌసు పెట్టి నొక్కాను. సగమే చుక్కలయ్యింది. రెండో సగం కదలకుండా నిండు గీతగా ఉండిపోయింది. అప్పుడు తెలిసింది అది ఎండిన పెన్ను కాదని.

తర్వాత చేసిన పని చెయ్యమని నాకెవరూ చెప్పలేదు. రెండు ముక్కల్నీ చెరిపేశాను. మలుపుని ఒకే వస్తువుగా కొత్తగా గీశాను. రీడ్రా కొట్టాను. సేవ్ చేశాను. మొత్తం నాలుగు పనులు, అర నిమిషం కూడా పట్టలేదు.

మేనేజరు గారు వచ్చి తెర వైపు చూసి, "డ్రాయింగు సరిగ్గానే ఉందిగా?" అన్నారు.

"ఉంది సార్."

వీపు మీద చరిచారు. "కింద బల్ల మీదున్న షీటు తెచ్చి తగలబెట్టు," అన్నారు.

దిగి వెళ్లాను. బల్ల మీద షీటు లేదు. జీపులో ఎక్కుతూ మావ ఒక్కటే మాట అన్నాడట, "ఆ కాయితం మా బావమరిదికియ్యండి," అని.

మర్నాడు పొద్దున్న ఆ బావమరిది వచ్చాడు. పోర్టులో బస్తాలు మోసే మనిషి. నడుముకి బస్తాలు లాగే ఇనప కొక్కెం. వెనక షెడ్డు వాళ్లు ఇరవై మందికి తక్కువ లేరు, మెట్ల నిండా. చెప్పులతోనే అద్దాల గదిలోకి వచ్చాడు. షీటు నా బల్ల మీద పరిచి, ఒక మూల కొక్కెంతో పొడిచాడు. ముల్లు కాగితంలోంచి చెక్కలోకి దిగిపోయింది. నా అరచెయ్యి దానికి బెత్తెడు దూరంలో ఉంది.

"సదవండి," అన్నాడు. "మా బావ తాగున్నాడా, ఈ కాయితం తాగుందా? మలుపు కాడ గీతేది?"

మేనేజరు గారు లేచి నిలబడ్డారు. "ముందు ఆ కొక్కెం తియ్యి. ఇది ఆఫీసు."

"ఆఫీసని తెలుసు. సల్లగున్నాది. సెయ్యి కాలినోడికి బాగుంటాది, తెచ్చి పడుకోబెట్టీమంటారేటి?"

మెట్ల మీద నవ్వారు. నవ్వు మంచిగా లేదు.

"కంప్యూటరులో గీత తెగలేదు," అన్నారు మేనేజరు గారు. "కావాలంటే చూడు. అబ్బాయీ, చూపించు."

చూపించాను. మలుపు మీద నొక్కితే మొత్తం చుక్కలయ్యింది. వాళ్లకి అది అర్థం కాకపోయినా ఖాళీ లేదని మాత్రం కనపడింది.

"మరి షీటు మీద ఖాళీ ఎలా వచ్చింది?" అన్నారు మేనేజరు గారు, వాళ్ల వైపు తిరిగి. "రాత్రికి రాత్రి గీకేసి తెచ్చి నా మొహాన పెడితే నమ్మేస్తానా?"

బావమరిది ఆయన కాలరు పట్టుకుని అద్దానికి ఆనించాడు. అద్దం నిలువునా పగిలింది. ఆయన కళ్లజోడు నా కాళ్ల దగ్గర పడింది. వెనక నుంచి ఎవరో "ఎయ్యరా, ఎయ్యి" అంటున్నారు. అప్పుడు హెడ్డు లోపలికి వచ్చాడు, ఆ గదిలోకి మొదటిసారి.

"ఒదులు," అన్నాడు. "కాయితం నాకియ్యండి. గీకీసినారో నేదో నాను సెప్తాను."

కొక్కెం పీకి, షీటు తీసి కిటికీకి అడ్డం పట్టాడు. ఖాళీ ఉన్నచోట వేలితో తడిమాడు. చాలాసేపు చూశాడు.

"బ్లేడు పడనేదు," అన్నాడు. "ఇక్కడ ఇంకే పడనేదు."

"పెన్ను ఎండిపోయి ఉంటుంది," అన్నారు మేనేజరు గారు, మెడ రుద్దుకుంటూ. ఆయన నాకు దారి చూపించారు. నేను ఆ దారిన వెళ్లిపోవచ్చు. ఎండిన పెన్నుకి ఎవరూ బాధ్యులు కారు. రిపోర్టు మాత్రం మారదు.

"ఎండితే గీత సన్నబడి, సన్నబడి పోతాది బాబూ," అన్నాడు హెడ్డు. "ఇది రెండు కొసలా గుండ్రంగా, నిండుగా ఉన్నాది. పెన్ను ఇక్కడ ఎత్తింది, ఇక్కడ దింపింది. ఎత్తమని ఎవుడో సెప్పినాడు." నా వైపు తిరిగాడు. "ఇక్కడ అంకేటి ఉండేదిరా?"

ఆయనకి అప్పటికే అర్థమైపోయింది. మలుపు పక్కన అంకె ఉంటుందని, అంకె ఉన్నచోట నేను గీతని ఉండనివ్వనని ఆ ఆఫీసులో ఆయన కన్నా బాగా ఎవరికి తెలుసు.

"మలుపు రేడియసు," అన్నాను. "నేనే తెంచాను. షీటు మీద ఖాళీ చూసి కూడా చెప్పలేదు. కంప్యూటరులో నిన్న సాయంత్రం అతికించేశాను."

"ఏటన్నాడు?" అని అడిగాడు బావమరిది హెడ్డుని. నా మాటలు సగం అతనికి అందలేదు.

"ఈడే తప్పు గీసినాడు. తెల్లారేసరికి దాసీసినాడు," అన్నాడు హెడ్డు.

మొదటి గుద్దు నోటి మీద పడింది. పన్ను ఊడి నాలిక కింద గరగరలాడింది. కుర్చీతో సహా వెనక్కి పడ్డాను. కింద పడ్డాక ఎవరు తన్నారో తెలియదు, ఒకరు కాదు. కీబోర్డు వైరు నా మెడకి చుట్టుకుంది. నా కుడి చెయ్యి లాగి నేలమీద పరిచి, మణికట్టు మీద మోకాలు పెట్టాడు బావమరిది. కొక్కెం ఎత్తడం చూశాను.

"ఆడి సెయ్యి పోనాది గదా," అన్నాడు చాలా మామూలుగా. "ఈడిది నానట్టుకెల్తాను."

హెడ్డు నా చేతికీ కొక్కేనికీ మధ్య తన చెయ్యి పెట్టాడు. ముల్లు ఆయన ముంజేతిలో దిగి మోచేతి దాకా గీరుకుంటూ వచ్చింది. ఆయన పళ్లు బిగించి కొక్కేన్ని రెండో చేత్తో పట్టుకుని వదల్లేదు.

"అట్టుకెల్లి ఏటి సేసుకుంటావు?" అన్నాడు. నెత్తురు నా చొక్కా మీద కారుతోంది. "మీ బావకి అతికిత్తావా? ఉజ్జోగం అడుగు. రిపోర్టు సింపించు. అదడుగు."

నా మణికట్టు మీంచి మోకాలు లేచింది. హెడ్డు నన్ను పైకి లేపలేదు. "గీతకీ అంకెకీ దూరం నాను సెప్పినాను," అన్నాడు నా మొహం చూడకుండా. "దాసడం నాను సెప్పనేదు." మెట్లు దిగి వెళ్లిపోయాడు, నెత్తురు మెట్టు మెట్టుకీ పడుతుండగా.

ఆ రోజు షెడ్డులో ఎవరూ పనిముట్టు ముట్టలేదు. క్రేను కింద నేలమీద కూర్చున్నారు. సాయంత్రం నాలుగింటికి మేనేజరు గారు కిందికి దిగి, అందరి ముందూ రిపోర్టు నాలుగు ముక్కలు చేశారు. కొత్త రిపోర్టులో డ్రాయింగు తప్పు అని రాయించారు. నన్ను పనిలోంచి తీసేస్తున్నానన్నారు.

బావమరిది ఒప్పుకోలేదు. "ఈణ్ణి ఇంటికంపీత్తే ఈడికి సుకం," అన్నాడు. "మా బావ మిషను కాడ నిలబడతాడు. సెయ్యి మానీదాకా ఈడే ఆడి సెయ్యి. మంట ముట్టించాలన్నా, సుత్తి ఎత్తాలన్నా, బొబ్బలెక్కాలన్నా ఈడే. అంతవరకూ పైకెక్కితే కాళ్లిరగ్గొడతాం."

నన్నెవరూ అడగలేదు. నా నోరు వాచి మాట రావడం లేదు కూడా.

మూడు నెలలకి ఆపరేటరు తిరిగి వచ్చాడు. అంతదాకా నేను షెడ్డులో ప్లేట్లు మోశాను. చేతికి గుడ్డ చుట్టి ఉంది. వారం రోజులు నాతో మాట్లాడలేదు, గడ్డంతో చూపించేవాడు. ప్లేటు ఎక్కడ పెట్టాలో, మంట ఎంత తగ్గించాలో. తప్పు చేస్తే బూటుతో పిక్క మీద తన్నేవాడు. నిప్పురవ్వలు పడి నా చేతుల మీద మచ్చలు లేచాయి. ఆయన వాటిని చూసి తల తిప్పుకునేవాడు.

ఎనిమిదో రోజు అన్నం టైములో, యంత్రం వెనక ఎవరూ లేనప్పుడు గుడ్డ విప్పాడు. మూడు వేళ్లు ఒకదానికొకటి అతుక్కుని, లోపలికి వంగి, గోళ్లు లేకుండా ఉన్నాయి. తోలు నున్నగా మెరుస్తోంది.

"ఎప్పుడు మానుతాదో సెప్పు," అన్నాడు.

"మీకే తెలియాలి," అన్నాను.

"నాకు తెలుసు. మానదు. ఇప్పినా మూసుకోవు, మూసినా ఇప్పుకోవు. డాక్టరు సెప్పీసినాడు. పైన తెలిత్తే పనికిరానోడని తీసీత్తారు. మా బావమరిదికీ సెప్పనేదు నాను." ఎడమ చేత్తో, పళ్లతో గుడ్డ మళ్లీ చుట్టుకున్నాడు. నేను సాయం చెయ్యబోతే మోచేత్తో పొడిచాడు. "నువ్వుంటే నానుంటాను. నువ్వెల్లిపోయిన్నాడు నా పని కూడా ఆకిరి. అది సెప్దామనే ఇప్పినాను. ఎల్లిపోతే పో."

అద్దాల గదిలో నా కుర్చీలోకి ఇంకో డిప్లొమా అబ్బాయి వచ్చి అప్పటికి రెండు నెలలైంది. నేను వేరే ఊళ్లో ఉద్యోగం కోసం రాసిన కాగితం జేబులో ఉంది. సంతకం కూడా పెట్టి ఉంది.

ఒకటో తారీఖున మేనేజరు గారు షెడ్డులోకి దిగి యంత్రం దగ్గర ఆగారు. ఆయన చూపు ఆపరేటరు చేతి గుడ్డ మీద ఉంది.

"చెయ్యి మానిందా?" అని అడిగారు నన్ను.

ఆపరేటరు నా వైపు చూడలేదు. ప్లేటు అంచు చూస్తున్నాడు.

"మానుతోంది సార్," అన్నాను. "ఇంకా టైము పడుతుంది."

ఆయన వెళ్లిపోయారు. ఆ తర్వాత రెండేళ్లపాటు ప్రతి ఒకటో తారీఖునా అదే అడిగారు, నేను అదే చెప్పాను.

ఆ మొదటి రోజు మాత్రం ఆపరేటరు నల్లద్దాలు కళ్ల మీదికి దించుకుని, కొంచెంసేపు కదలకుండా నిలబడ్డాడు.

"నిలబడీసినావేటి?" అన్నాడు. "ముట్టించు."